పాత కారుకు కొత్త గ్యాసు

కారులో ఏ.సి. చల్లగాలి ఇవ్వడం మానేస్తే మనవాళ్ళు వెంటనే అనే మాట ఒకటుంది: "గ్యాస్ అయిపోయింది, పట్టిస్తే సరి." పెట్రోలు అయిపోతే పోయించుకున్నట్టు, సైకిలు ట్యూబులో గాలి తగ్గితే కొట్టించుకున్నట్టు, ఏ.సి.లో గ్యాసు కూడా వాడకంలో ఖర్చయిపోయే సరుకని వారి నమ్మకం. ఇంజనీరింగు పట్టా చేతిలో వున్నవారు కూడా ఈ మాట అనగా విన్నాను. నిజానికి ఏ.సి.లోని గ్యాసు ఖర్చు కాదు. మూసివున్న ఒక చుట్టులో అది అలా తిరుగుతూనే వుంటుంది. తగ్గిందీ అంటే ఎక్కడో దారి చూసుకుని బయటికి పోయిందన్నమాటే.

ఇది అన్ని కార్లకూ వర్తించే సంగతి. కాని 1990 ప్రాంతంలోనూ అంతకు ముందూ తయారైన కార్లకు మరో చిక్కు వుంది. వాటికోసం ఉద్దేశించిన గ్యాసు తయారీ ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన గ్యాసు ఉన్నపళంగా వాటికి సరిపడదు. సరిపడేట్టు చేయడానికి కొంత పని వుంది. ఆ పని ఏమిటి, ఎందుకు, ఏ వరసలో చేయాలి అన్నది ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. మా మేనమామగారి 1988 నాటి కాంటెస్సా కారుకు నేనూ, ఒక మెకానిక్కూ కలిసి ఈ మార్పు చేశాం గనుక, పుస్తకంలో చదివినదీ చేతికి తగిలినదీ రెండూ కలిపి చెబుతాను.

చల్లదనం ఎక్కడినుంచి వస్తుంది?

ముందుగా ఒక సంగతి. ఏ యంత్రమూ చల్లదనాన్ని తయారు చేయదు. వేడిని ఒకచోటినుంచి తీసి మరోచోట పారేస్తుంది, అంతే. అరచేతిలో రెండు చుక్కలు స్పిరిట్ వేసుకుంటే చెయ్యి చల్లబడుతుంది. స్పిరిట్ ఆవిరి కావడానికి కావలసిన వేడిని మన చేతినుంచే లాక్కుంటుంది. మట్టికూజాలో నీళ్ళు చల్లబడేదీ ఇందుకే. ఇంటర్మీడియట్‌లో గుప్తోష్ణం అని చదువుకున్నాం, అదే ఇది. అయితే కూజా పైన ఆవిరైన నీరు గాలిలో కలిసి పోతుంది. ఏ.సి.లో అలా పోనివ్వం. ఆవిరైనదాన్ని పట్టుకుని, మళ్ళీ ద్రవంగా మార్చి, మళ్ళీ అదే పనికి పంపుతాం.

ఈ చుట్టులో ముఖ్యమైన భాగాలు ఐదు. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసర్ ఆవిరిని నొక్కి పీడనం పెంచుతుంది. నొక్కితే వేడెక్కుతుంది కనుక, ఆ వేడి ఆవిరి రేడియేటర్ ముందు వుండే కండెన్సర్‌లోకి పోతుంది. అక్కడ బయటి గాలికి తన వేడి ఇచ్చేసి ద్రవమవుతుంది. ఆ ద్రవం డ్రయ్యర్ అనే చిన్న డబ్బాగుండా పోతుంది. అందులో తేమను పీల్చే గుళికలుంటాయి. తరువాత ఎక్స్‌పాన్షన్ వాల్వు. సూదిబెజ్జం లాంటి ఆ సందులోంచి దూకేసరికి పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. చివరికి డాష్‌బోర్డు వెనకాల వుండే ఇవాపరేటర్‌లో ఆ ద్రవం ఆవిరవుతూ, కారు లోపలి గాలినుంచి వేడి గుంజుకుంటుంది. అక్కడినుంచి మళ్ళీ కంప్రెసర్‌కు. నాలుగు గొట్టాలు, ఐదు భాగాలు, కిలోకి అటూ ఇటూగా గ్యాసు, వ్యవహారం ఇంతే.

ఈ గ్యాసుతోబాటు కొంచెం నూనె కూడా తిరుగుతుంది. కంప్రెసర్‌కు వేరే నూనె పంపు వుండదు. గ్యాసు మోసుకొచ్చే నూనె చుక్కలతోనే దాని కీళ్ళు తడవాలి. ఈ మాట గుర్తుంచుకోండి. తరువాత వచ్చే కథంతా దీనిమీదే ఆధారపడి వుంది.

ఆర్-12 పుట్టుక, పతనం

మొదట్లో రిఫ్రిజిరేటర్లలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వంటివి వాడేవారు. కారితే ప్రాణాలకు ముప్పు. ఆ బెడద తీర్చడానికి 1928లో అమెరికాలో థామస్ మిడ్గ్‌లే, ఆయన సహచరులు డైక్లోరో డైఫ్లోరో మిథేన్‌ను ముందుకు తెచ్చారు. ఇదే ఆర్-12. మంటలేదు, వాసనలేదు, విషం కాదు. 1930లో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో మిడ్గ్‌లే ఆ వాయువును స్వయంగా పీల్చి, ఊది, వెలుగుతున్న కొవ్వొత్తిని ఆర్పి చూపించాడు. విషం కాదని, అంటుకోదని ఒక్క ఊపిరితో రుజువు చేశాడు. 1939లో పాకార్డ్ కంపెనీవారు కారులోనే ఏ.సి. అమర్చి అమ్మడానికి పూనుకున్నారు. ఆ తరువాత యాభై ఏళ్ళకు పైగా కార్ల ఏ.సి. అంటే ఆర్-12 అనే చెప్పుకోవాలి.

దేనితోనూ కలవని దాని మంచితనమే చివరికి దాని కొంప ముంచింది. నేల దగ్గర దేనితోనూ చర్య జరపదు కనుక అది దశాబ్దాలపాటు గాలిలో నిలిచి, మెల్లగా స్ట్రాటోస్ఫియర్‌కు చేరుతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాల దెబ్బకు క్లోరిన్ పరమాణువు విడిపోతుంది. ఒక్కొక్క క్లోరిన్ పరమాణువు వేలకు వేలు ఓజోన్ అణువులను విరిచేస్తుంది, తాను మాత్రం చెక్కుచెదరదు. 1974లో మారియో మొలీనా, షేర్వుడ్ రోలండ్ ఈ సంగతి బయటపెట్టారు. నమ్మనివారు చాలామంది. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర వసంతకాలంలో పలచబడిపోతున్నదని ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ కొలతలతో చూపించాక నోళ్ళు మూతపడ్డాయి. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. మనదేశం 1992లో చేరింది. 2010 నాటికి వర్ధమాన దేశాలు సైతం ఈ రకం వాయువుల తయారీని దాదాపుగా నిలిపివేశాయి. మొలీనా, రోలండ్‌లకు, వారితోబాటు పాల్ క్రుట్జెన్‌కు 1995లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆర్-12 స్థానంలో వచ్చినది ఆర్-134ఎ. టెట్రాఫ్లోరో ఈథేన్. ఇందులో క్లోరిన్ లేదు. అంచేత ఓజోన్‌కు దీనివల్ల హాని లేదు. ఆర్-12 మామూలు వాతావరణ పీడనంలో సున్నాకు సుమారు 30 డిగ్రీల కింద మరుగుతుంది. ఇది 26 డిగ్రీల కింద మరుగుతుంది. కాగితం మీద చూస్తే అన్నదమ్ముల్లా వుంటాయి. అందుకే చాలామంది "అది తీసి ఇది పోస్తే సరిపోతుందిగా" అనుకుంటారు.

ఎందుకు సరిపోదు?

మొదటి అడ్డంకి నూనె. ఆర్-12 కార్లలో ఖనిజ నూనె వుంటుంది. అది ఆర్-12లో చక్కగా కరుగుతుంది కనుక గ్యాసుతోబాటు చుట్టంతా తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది. ఆర్-134ఎలో ఖనిజ నూనె కరగదు. కొత్త గ్యాసు పోసి పాత నూనె వుంచేస్తే, ఆ నూనె కాస్తా ఇవాపరేటర్ అడుగున, గొట్టాల వంపుల్లో కూచుండిపోతుంది. కంప్రెసర్ ఎండిపోయి, కొన్నాళ్ళకు బిగుసుకుపోతుంది. మొదటి వారం కూలింగ్ బాగానే వుంటుంది కనుక, బండి యజమానికి అనుమానం రాదు. కొత్త గ్యాసుకు తగిన నూనెలు రెండు రకాలు: పాగ్ నూనె, ఎస్టర్ నూనె. పాత వ్యవస్థలో ఎంత కడిగినా ఖనిజ నూనె, క్లోరైడ్ల ఆనవాళ్ళు కొంత మిగులుతాయి. వాటిని ఎస్టర్ ఎక్కువగా తట్టుకుంటుంది. అంచేత మార్పు చేసే పాత కార్లకు ఎస్టర్ వాడకం మేలని నా అభిప్రాయం. రెండు నూనెలూ గాలిలోని తేమను ఆబగా పీల్చుకుంటాయి. డబ్బా మూత తీసి టీ తాగడానికి వెళితే ఆ నూనె ఇక పనికిరాదన్నట్టే.

రెండవది డ్రయ్యర్. పాత డ్రయ్యర్లోని గుళికలు ఆర్-12 కోసం చేసినవి. కొత్త గ్యాసుకు అవి తగవు. మార్చి తీరాలి. ఎలాగూ ఇన్నేళ్ళ తేమ తాగి కూచున్నదే కదా.

మూడవది రబ్బరు. ఆర్-134ఎ అణువు చిన్నది. పాతకాలపు రబ్బరు గొట్టాల గోడల్లోంచి, ఎండి పగిలిన ఓ-రింగుల పక్కనుంచి సులభంగా జారుకుంటుంది. ఓ-రింగులన్నీ కొత్త గ్యాసుకు పనికివచ్చే రబ్బరువి వేయాలి. గొట్టాలు మార్చితే లోపల నైలాను పొర వున్నవి వేయించడం మంచిది.

నాలుగవది పీడనం. మన ఎండల్లో అసలు సమస్య ఇదే. చల్లని వైపు, అంటే సున్నా డిగ్రీల దగ్గర, ఆర్-12 గేజి పీడనం చదరపు అంగుళానికి సుమారు 30 పౌండ్లు, ఆర్-134ఎది 28. పెద్ద తేడా లేదు. వేడి వైపు చూడండి. బయట 42 డిగ్రీలుంటే కండెన్సర్‌లో 60 డిగ్రీలు మామూలే. అక్కడ ఆర్-12 పీడనం 207 పౌండ్లయితే, ఆర్-134ఎది 229. అంటే కంప్రెసర్ తక్కువ పీడనంనుంచి మొదలుపెట్టి ఎక్కువ పీడనానికి ఎత్తాలి. చలిదేశంలో ఈ తేడా లెక్కలోకి రాదు. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో లెక్కలోకి వస్తుంది. దీనికి మందు కండెన్సర్ శక్తి పెంచడం. పాత తరహా, ఒకే గొట్టం వంకరలు తిరిగిన కండెన్సర్ తీసేసి, సన్నని గొట్టాలు సమాంతరంగా వుండే కొత్త తరహాది వేయాలి. దాని ముందు ఒక ఎలక్ట్రిక్ ఫాను, పీడనం మితిమీరితే కంప్రెసర్‌ను ఆపే ఒక స్విచ్చి కూడా వుండాలి.

ఐదవది పరిమాణం. సున్నా డిగ్రీల దగ్గర ఒక కిలో ఆర్-12 ఆవిరైతే సుమారు 151 కిలోజౌళ్ళు లాగుతుంది. అదే కిలో ఆర్-134ఎ సుమారు 198 లాగుతుంది. పైగా దాని ద్రవం సాంద్రత కూడా తక్కువ. కనుక పాత బరువంత కొత్త గ్యాసు పోయరాదు. 80 నుంచి 90 శాతం చాలు. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లన అనుకోవడం పొరపాటు. కండెన్సర్లో ద్రవం పేరుకుని, ఆవిరికి చోటు చాలక, పీడనం పెరిగి కూలింగ్ తగ్గిపోతుంది.

మావయ్యగారి కారు

మా మావయ్య గుంటూరులో లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. అత్తయ్యకు గుండె ఆపరేషను జరిగింది. మూడు నెలలకోసారి హైదరాబాదు తీసుకుపోయి చూపించాలి. పిడుగురాళ్ళ, దాచేపల్లి, మిర్యాలగూడ మీదుగా ఆ దారిలో వేసవి మధ్యాహ్నం ఎలా వుంటుందో ఆ వైపు వారికి నేను చెప్పనక్కరలేదు. "వేడి తగలనివ్వొద్దు" అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. కొత్త కారు కొనే స్తోమత పెన్షనుకు లేదు. ఉన్న కారు ఇంజను దివ్యంగా వుంది. ఏ.సి. ఒక్కటే నీరసించింది.

మావయ్య ముందుగా ఒక వర్క్‌షాపులో అడిగారు. వారు చెప్పిన ఉపాయం: "మాస్టారూ, వంటగ్యాసు పట్టిస్తే ఐసులా వస్తుంది. ఖర్చు కూడా ఏం లేదు." మావయ్య ఫోను చేసి, "ఏరా అబ్బాయ్, ఇది నిజమేనా?" అన్నారు.

"కూలింగ్ వస్తుంది మావయ్యా, అది అబద్ధం కాదు. కాని అత్తయ్యను దాంట్లో కూర్చోబెట్టకండి" అన్నాను.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. ప్రొపేను, బ్యూటేనులు మంచి శీతలకారకాలే. కొత్త ఇంటి ఫ్రిజ్జుల్లో ఐసోబ్యూటేను వాడుతున్నారు. కాని అక్కడ వుండేది కొద్ది గ్రాములు, అదీ ఆ గ్యాసు కోసమే రూపొందించిన యంత్రంలో. 900 గ్రాముల ఆర్-12 పట్టే కారులో వంటగ్యాసు దాదాపు 300 గ్రాములు పడుతుంది. దాని సగటు అణుభారం 50 అనుకుంటే అది 6 మోల్‌లు. 30 డిగ్రీల దగ్గర ఒక మోల్ సుమారు 25 లీటర్లు. మొత్తం 150 లీటర్ల వాయువు. కారు లోపలి గాలి ఏ 2,500 లీటర్లో వుంటుంది. అంటే 6 శాతం. ఈ వాయువులు గాలిలో సుమారు 2 శాతంనుంచి 9 శాతందాకా వున్నప్పుడు అంటుకుంటాయి. ఇవాపరేటర్ వుండేది ఎక్కడ? డాష్‌బోర్డు వెనక, ప్రయాణికుల మోకాళ్ళ ముందు. అది చిల్లుపడితే అద్దాలు మూసిన కారు సరిగ్గా పేలడానికి అనువైన మిశ్రమంతో నిండుతుంది. ఒక సిగరెట్టో, ఒక స్విచ్చి నిప్పురవ్వో చాలు. పోనీ వాసనతో తెలుస్తుందిగా అంటారా? తెలిసేసరికి ఎంత వ్యవధి వుంటుందో ఎవరు చెప్పగలరు!

రెండో చోట అడిగితే, పాత గ్యాసు గాలిలోకి వదిలేసి, నట్టుకు ఒక అడాప్టరు తగిలించి, సాయంత్రానికి 134 నింపి ఇస్తామన్నారు. నూనె సంగతి, డ్రయ్యర్ సంగతి ప్రస్తావనే లేదు. ఆ కంప్రెసర్ దాచేపల్లి దగ్గర బిగుసుకుపోతే అత్తయ్యను చెట్టు కింద కూర్చోబెట్టాల్సిందే. అందుకని నాకు తెలిసిన ఒక పాత మెకానిక్కును పట్టుకున్నాను. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. మానిఫోల్డ్ గేజి చూసి జబ్బు చెప్పడంలో మాత్రం డాక్టరే.

పని జరిగిన వరస

ఒకటి: వ్యవస్థలో మిగిలిన ఆర్-12ను గాలిలోకి వదలకుండా రికవరీ యంత్రంతో ఖాళీ సిలిండరులోకి లాగించాం. మిగిలింది తక్కువే. అయినా ఓజోన్ సంగతి అటుంచి, వాతావరణాన్ని వేడెక్కించడంలో ఆర్-12 ఒక కిలో, బొగ్గుపులుసు వాయువు పది టన్నుల పైచిలుకుకు సమానం. ఒక్క స్పానరు తిప్పుతో చేసే ఆ నష్టాన్ని తరువాత ఎవరూ పూడ్చలేరు.

రెండు: చుట్టు విప్పకముందే చిల్లు వెతికాం. పొడి నైట్రోజను 150 పౌండ్ల పీడనానికి ఎక్కించి, కీళ్ళన్నిటికీ సబ్బునురగ రాశాం. కంప్రెసర్ వెనక గొట్టం కీలు దగ్గర, కండెన్సర్ మూల దగ్గర బుడగలు వచ్చాయి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ పరీక్షకు ఆక్సిజను ఎన్నడూ వాడరాదు. నూనె, ఆక్సిజను పీడనంలో కలిస్తే పేలుతుంది. టైర్లకు కొట్టే గాలి కూడా వద్దు. అందులో తేమ వుంటుంది. ఆర్-134ఎ మిగిలివున్న చోట పీడనంతో గాలి చేరితే అది మండే స్వభావాన్ని తెచ్చుకోగలదు కూడా.

మూడు: కంప్రెసర్ దించి, నూనె వంచి, చేత్తో తిప్పుతూ చివరి చుక్కదాకా కార్చాం. ఆ నూనె రంగు చూడాలి. లేతగా, శుభ్రంగా వుంటే కంప్రెసర్ క్షేమం. నల్లగా వున్నా, లోహపు పొడి మెరిసినా ఆ కంప్రెసర్ మీద ఆశ వదులుకోవాలి. మాది తేనెరంగులో వుంది. మావయ్య మొహం అప్పుడు గాని విచ్చుకోలేదు.

నాలుగు: ఇవాపరేటర్‌నూ, గొట్టాలనూ కడిగే ద్రావణంతో కడిగి, నైట్రోజనుతో ఆరబెట్టాం. కంప్రెసర్‌ను, ఎక్స్‌పాన్షన్ వాల్వును, డ్రయ్యర్‌ను ఇలా కడగరాదు. వాల్వు, డ్రయ్యర్ కొత్తవి వేశాం. కండెన్సర్ చిల్లుపడినదే కనుక సమాంతర గొట్టాలది కొత్తది బిగించి, ముందు ఫాను పెట్టాం. పీడనం స్విచ్చి పెట్టాం. ఓ-రింగులన్నీ కొత్త నూనెలో ముంచి వేశాం. తయారీదారు చెప్పిన కొలత ప్రకారం ఎస్టర్ నూనె పోశాం. డ్రయ్యర్‌ను అన్నిటికన్నా ఆఖరున, మూతలు తీసిన నిమిషంలోనే బిగించాలి. లేకపోతే అది కారు ఎక్కకముందే ఊళ్ళో తేమంతా తాగేస్తుంది.

ఐదు: సర్వీసు కీళ్ళకు కొత్త గ్యాసు అడాప్టర్లు వేశాం. ఆర్-134ఎ కీళ్ళ కొలత, ఆకారం పాతవాటికి భిన్నం. ఎవరైనా తెలియక పాత గ్యాసు పొయ్యకుండా ఈ ఏర్పాటు. రెండు గ్యాసులూ కలిస్తే ఆ మిశ్రమం పీడనం విడివిడిగా దేనికి వుండేదానికన్నా ఎక్కువ. ఆపైన దాన్ని ఏ యంత్రమూ మళ్ళీ వేరుచేసి వాడుకోలేదు.

ఆరు: వాక్యూమ్. అందరూ తొందరపడేది ఇక్కడే. "పది నిమిషాలు చాలండీ" అంటారు. చాలదు. లోపల మిగిలిన తేమ పోవాలంటే అది మరగాలి. నీరు 30 డిగ్రీల దగ్గర మరగాలంటే పీడనం 32 మిల్లీమీటర్ల పాదరసానికి దిగాలి. పంపు అంతకంటే చాలా కిందికి లాగాలి. లాగిన తరువాత కూడా గొట్టాల గోడలకు, నూనెకు పట్టుకున్న తేమ వదలడానికి వ్యవధి కావాలి. మేము గంటసేపు పంపు నడిపాం. వాల్వులు మూసి మరో అరగంట గేజి ముల్లు చూస్తూ కూచున్నాం. ముల్లు కదలలేదు. తేమ మిగిలితే రెండు అనర్థాలు. ఎక్స్‌పాన్షన్ వాల్వు సందులో మంచై అడ్డుపడుతుంది. కాసేపు చల్లన, కాసేపు వెచ్చన అని కారు మారాం చేస్తుంది. రెండవది, గ్యాసుతో కలిసి ఆమ్లమై లోహాన్ని లోపలినుంచి తినేస్తుంది.

గ్యాసు పట్టించడం

ఆఖరికి అందరూ మొదట చెప్పే పని ఇది. ఈ కారుకు పాత లెక్క 900 గ్రాములు. అందులో 80 శాతం 720, 90 శాతం 810. డబ్బాను తూకం యంత్రం మీద పెట్టి, గొట్టంలోని గాలిని తోసేసి, ఇంజను నడుస్తూ వుండగా తక్కువ పీడనం వైపునుంచి ఆవిరిగా ఎక్కించాం. డబ్బా నిలువుగా వుండాలి. తలకిందులు చేస్తే ద్రవం పోతుంది. ద్రవాన్ని కంప్రెసర్ నొక్కలేదు, కవాటాలు విరుగుతాయి. ఇంజను నడుస్తున్నంతసేపూ ఎక్కువ పీడనం వైపు వాల్వు తెరవరాదు. తెరిస్తే ఆ పీడనం చేతిలోని డబ్బాలోకి తిరిగివచ్చి డబ్బా పేలుతుంది. కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి. ద్రవం కంట్లో పడితే కనుగుడ్డు గడ్డకట్టిపోతుంది.

పాత మెకానిక్కులకు డ్రయ్యర్ మీది గాజుకన్ను చూసి గ్యాసు పట్టే అలవాటుంది. బుడగలు పోతే నిండినట్టు లెక్క. ఆర్-12కు ఆ లెక్క సరిపోయేది. ఆర్-134ఎతో సరైన మోతాదులో కూడా ఆ కన్ను మసకగా కనిపించవచ్చు. కన్ను తేటపడేదాకా పోస్తే మితిమీరినట్టే. తూకమూ, గేజీలూ, గాలి చల్లదనమూ ఈ మూడే సాక్ష్యం.

మేము 720 దగ్గర ఆగి చూశాం. మరో 20 గ్రాములు ఎక్కించి, 740 దగ్గర ముగించాం. బయట 40 డిగ్రీలు. తక్కువ వైపు గేజి 34 పౌండ్లు, ఎక్కువ వైపు 245. బయటి ఉష్ణోగ్రతను ఫారన్‌హీట్‌లో తీసుకుని దానికి రెండుంపావు, రెండున్నర రెట్ల మధ్య ఎక్కువ వైపు పీడనం వుంటే బాగున్నట్టు అని ఒక మోటులెక్క వుంది. 40 డిగ్రీలంటే 104 ఫారన్‌హీట్. 234, 260 మధ్య వుండాలి. సరిపోయింది. రోడ్డు మీద పోతుంటే జాలీ దగ్గర గాలి 10 డిగ్రీలు. సిగ్నలు దగ్గర ఆగితే 14. ఆర్-12 నాటి చలి కాదు, కొంత తక్కువే. ఆ తేడా వుంటుందని ముందే తెలిసివుంటే నిరాశ వుండదు. ఖర్చు పాత కారుకు నాలుగు కొత్త టైర్లు వేయించినంత.

చివరగా బానెట్ కింద ఒక చీటీ అతికించాం: ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు, ఏ నూనె, ఏ తేదీ. ఇది అలంకారం కాదు. రేపు ఈ కారును తాకే మరో మెకానిక్కుకు మేము రాసిన ఉత్తరం. అత్తయ్య ఆ మే నెలలోనే హైదరాబాదు వెళ్ళి వచ్చింది. "మిర్యాలగూడ దగ్గర శాలువా కప్పుకున్నానురా" అన్నది.

ఇదే ఆఖరు మాటా?

కాదు. ఆర్-134ఎ ఓజోన్‌కు మిత్రుడే కాని వాతావరణానికి కాదు. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు సుమారు 1,430 రెట్లు. అందుకే 2016లో కిగాలీలో మాంట్రియల్ ఒప్పందానికి సవరణ చేశారు. మనదేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం మనదేశం ఈ జాతి వాయువుల వాడకాన్ని 2028లో ఒక హద్దు దగ్గర నిలిపి, 2032 నుంచి అంచెలంచెలుగా తగ్గిస్తూ 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. విదేశాల్లో ఇప్పటికే అనేక కొత్త కార్లు ఆర్-1234వైఎఫ్ అనే వాయువుకు మారాయి. అది వాతావరణంలో కొద్ది రోజులకే విచ్చిపోతుంది. కాని కొద్దిగా మండే గుణం వుంది. పరిపూర్ణమైన వాయువు ఇంకా పుట్టలేదు.

అయినా నిరాశపడనక్కరలేదు. మాంట్రియల్ ఒప్పందం పనిచేసింది. 2023 జనవరిలో ఐక్యరాజ్యసమితి వెలువరించిన అంచనా ప్రకారం, ఇదే తీరున కట్టుబడి వుంటే ప్రపంచంలో చాలాభాగం మీద ఓజోన్ పొర 2040 ప్రాంతానికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి చేరుకుంటుంది. మనుషులు చేసిన గాయాన్ని మనుషులే మాన్పుకున్న సందర్భాలు చరిత్రలో ఎన్నో లేవు. ఇది ఒకటి. ఆ మాన్పడంలో సంతకాలు పెట్టిన మంత్రులకెంత భాగముందో, మిగిలిన కొద్ది గ్యాసును గాలిలోకి వదలకుండా సిలిండరులోకి లాగించిన వీధి మెకానిక్కుకూ అంత భాగముంది.

విద్యార్థి మిత్రులకు నా విన్నపం ఇది. మీలో కొందరు రేపు వర్క్‌షాపులు నడుపుతారు, కొందరు కార్లు కొంటారు, కొందరు ఈ రంగంలో చట్టాలు రాసే చోట కూర్చుంటారు. ఎక్కడ వున్నా, "గ్యాస్ అయిపోయింది" అని ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న వేయండి: "ఎటు పోయింది?" ఆ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతనే డబ్బా మూత తియ్యండి.